సైట్ మనది, సర్వర్ వాళ్లది, మరి బ్యాకప్ ఎవరిది?

2021 మార్చి 10. అర్ధరాత్రి దాటి ముప్పావు గంట అయింది. ఫ్రాన్స్‌లో రైన్ నది ఒడ్డున ఉన్న స్ట్రాస్‌బూర్గ్ నగరంలో ఓవీహెచ్ అనే హోస్టింగ్ కంపెనీ (వెబ్‌సైట్లకు సర్వర్లు అద్దెకిచ్చే కంపెనీ) డేటా సెంటర్‌కు నిప్పంటుకుంది. నదిలో ఫైర్ బోటు కూడా వచ్చి నీళ్లు కొట్టింది. అయినా తెల్లారేసరికి ఐదంతస్తుల భవనం ఒకటి సర్వర్లతో సహా కాలిపోయింది. పక్క భవనంలో 12 గదులకు 4 గదులు పోయాయి. మనుషులెవరికీ ఏమీ కాలేదు, అది పెద్ద ఊరట. కానీ నెట్‌క్రాఫ్ట్ అనే సంస్థ లెక్క ప్రకారం దాదాపు 36 లక్షల వెబ్‌సైట్లు ఆగిపోయాయి. కంపెనీ వ్యవస్థాపకుడు ఆక్టేవ్ క్లాబా ట్విట్టర్‌లో కస్టమర్లకు చెప్పిన ముఖ్యమైన మాట ఒకటే: మీ డిజాస్టర్ రికవరీ ప్లాన్ మొదలుపెట్టుకోండి. అంటే ప్రమాదం జరిగితే మళ్లీ ఎలా నిలబడాలో ముందే వేసుకున్న ప్రణాళిక.

అలాంటి ప్లాన్ ఉన్నవాళ్లు మొదలుపెట్టారు. లేనివాళ్ల డేటా పోయింది. ‘రస్ట్’ అనే ఆన్‌లైన్ ఆటకు సంబంధించి యూరప్‌లోని 25 సర్వర్ల డేటా మళ్లీ దొరకనే లేదు.

ఈ ప్రమాదం గురించి అప్పట్లో చాలా చదివాను. అన్నిటికంటే నన్ను పట్టుకున్నది మాత్రం రెండేళ్ల తర్వాత లీల్ నగర వాణిజ్య కోర్టు ఇచ్చిన తీర్పు. ఫ్రాన్స్ బాటీ కూర్తాజ్ అనే కంపెనీ ఓవీహెచ్ దగ్గర సర్వర్ అద్దెకు తీసుకుంది. అంతటితో ఆగకుండా, ఆటోమేటిక్ బ్యాకప్ కోసం విడిగా డబ్బు కూడా కట్టింది. అంటే జాగ్రత్తపరులే. తీరా చూస్తే అసలు సర్వర్ ఉన్న భవనంలోనే బ్యాకప్ కూడా ఉంది. రెండూ ఒకే మంటలో కాలిపోయాయి. ఒప్పందంలో మాత్రం బ్యాకప్‌ను సర్వర్ నుంచి ‘భౌతికంగా వేరుగా’ ఉంచుతామని రాసి ఉంది.

భౌతికంగా వేరుగా అంటే ఏమిటి? వేరే డిస్కా, వేరే గదా, వేరే భవనమా, వేరే ఊరా? వాదనంతా దీని చుట్టూనే తిరిగింది. ఒకే భవనంలో పెట్టి వేరుగా ఉంచామంటే కుదరదని కోర్టు తేల్చింది. 2023 జనవరిలో లక్ష యూరోలకు పైగా చెల్లించాలని ఓవీహెచ్‌ను ఆదేశించింది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. కోర్టు ఇప్పించింది డబ్బు. డేటా ఇప్పించలేదు, ఇప్పించడం దాని వల్ల అయ్యే పని కూడా కాదు, ఎందుకంటే అది ఎక్కడా లేదు. ‘బ్యాకప్ బాధ్యత ఎవరిది’ అని మనం అడిగినప్పుడు అందులో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉంటాయి. పోతే నష్టం ఎవరు కట్టాలి అన్నది మొదటిది. పోయిన రోజున కాపీ ఎవరి చేతిలో ఉంటుంది అన్నది రెండోది. మొదటిదానికి జవాబు ఒప్పందంలోనో చట్టంలోనో దొరుకుతుంది. రెండోదానికి అక్కడ దొరకదు. ఈ రెండింటినీ విడదీసి చూడకపోవడం వల్లే మన దగ్గర ఇన్ని సైట్లు పోతున్నాయని నా గట్టి నమ్మకం.

ముందు ఒప్పందం సంగతి. హోస్టింగ్ కొనేటప్పుడు టిక్కు పెట్టి దాటేసే షరతుల పేజీలో దాదాపు ప్రతి కంపెనీ ఒకే అర్థం వచ్చేలా రాస్తుంది: మీ డేటా కాపీలు ఉంచుకోవడం మీ బాధ్యత, మేము బ్యాకప్ తీసినా అది మా సౌకర్యం కోసం, దానికి హామీ లేదు. ఉచితంగా ఇచ్చేవాళ్లే కాదు, డబ్బు తీసుకునేవాళ్లూ అంతే. మైక్రోసాఫ్ట్ కూడా తన సేవల ఒప్పందంలో మీ డేటాను మీరు క్రమం తప్పకుండా బ్యాకప్ చేసుకోండని సలహా ఇస్తుంది. అమెజాన్ క్లౌడ్ దీన్ని ‘భాగస్వామ్య బాధ్యత’ అంటుంది. భవనం, కరెంటు, యంత్రాలు, నెట్‌వర్క్ వాళ్ల వంతు. వాటి మీద మనం పెట్టుకున్నది మన వంతు.

గుంటూరు వైపు వాళ్లకు ఇది కోల్డ్ స్టోరేజీతో చెబితే వెంటనే అర్థమవుతుంది. రైతు మిర్చి టిక్కీలు (బస్తాలు) తెచ్చి కోల్డ్ స్టోరేజీలో పెడతాడు. చలి తగ్గకుండా చూడటం, కరెంటు పోతే జనరేటర్ వేయడం యజమాని పని. ఇతరుల సరుకును మన చేతికి తీసుకున్నప్పుడు మామూలు వివేకం ఉన్న మనిషి సొంత సరుకును చూసుకున్నంత జాగ్రత్తగా చూసుకోవాలని భారత కాంట్రాక్టు చట్టం 151వ సెక్షన్ చెబుతుంది. అది సరుకుల కోసం రాసిన సెక్షన్. హోస్టింగ్‌లో ముందుగా చూసేది ఒప్పందాన్నే. అయితే అంతకంటే పెద్ద తేడా ఇంకొకటి ఉంది. ఒక మిర్చి టిక్కీ ఒకే సమయంలో రెండు గోదాముల్లో ఉండలేదు. డేటా ఉండగలదు, అదీ చాలా తక్కువ ఖర్చుతో. రైతుకు లేని ఈ వెసులుబాటు మనకుంది కాబట్టే హోస్టింగ్ కంపెనీలు ఇంకో కాపీ మీరే ఉంచుకోవాలి కదా అని అనగలుగుతున్నాయి. ఆ మాటలో కొంత న్యాయం ఉందనే నేనూ అంటాను. ఆ షరతును చదవడానికి వీల్లేనంత చిన్న అక్షరాల్లో, పెద్ద అక్షరాల ‘డైలీ బ్యాకప్స్’ ప్రకటన వెనకాల దాచడంలో మాత్రం న్యాయం లేదు. ఆ ప్రమాదం తర్వాత క్లాబా కూడా, తాము సరిగ్గా ఏం కొన్నామో కొందరు కస్టమర్లకు అర్థం కాలేదని ఒప్పుకున్నారు.

‘డైలీ బ్యాకప్’ అన్న మాట వెనక ఏముంటుందో కొంచెం వివరంగా చెప్పాలి. షేర్డ్ హోస్టింగ్‌లో ఒక్కో సర్వర్ మీద వందల సైట్లు ఉంటాయి. కంపెనీ తీసే బ్యాకప్ మొదట ఆ సర్వర్ పాడైతే మొత్తాన్ని తిరిగి నిలబెట్టుకోవడానికి. మీ ఒక్క సైట్‌లో ఒక్క పేజీని పోయిన నెల ఉన్నట్టు తెచ్చివ్వడం దాని అసలు ఉద్దేశం కాదు. పాత కాపీలను ఎన్నాళ్లు ఉంచుతారన్నది ఇంకో చిక్కు. ఏడు రోజులే ఉంచితే, నలభై రోజుల క్రితం మీ సైట్‌ను నడిపే వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్‌లో ఎవరో చొరబడి వైరస్ పెట్టిన సంగతి మీకు ఇవాళ తెలిస్తే, ఉన్న ఏడు కాపీల్లోనూ ఆ వైరస్ ఉంటుంది. కొన్ని కంపెనీల షరతుల్లో ఇంకో మాట కనిపిస్తుంది: ఖాతాలో ఫైళ్ల సంఖ్య ఒక పరిమితి దాటితే దాన్ని రోజువారీ బ్యాకప్ నుంచి తప్పిస్తారు. సైట్ చిన్నదే కదా అనుకుంటాం. కానీ అదే ఖాతాలో పదేళ్ల ఆఫీసు మెయిళ్లు కూడా ఉంటే, ఒక్కో మెయిల్ ఒక్కో ఫైలే.

వీటితోపాటు బ్యాకప్‌లా కనిపించి బ్యాకప్ కానివి ఉన్నాయి. రెండు డిస్కుల్లో ఒకేసారి రాసే రెయిడ్ పద్ధతి అలాంటిదే. ఒక డిస్కు చెడిపోతే రెండోది పని చేస్తుంది, మంచిదే. కానీ పొరపాటున డేటా చెరిపేస్తే రెండింటిలోనూ ఒకే క్షణంలో చెరిగిపోతుంది. జర్నల్‌స్పేస్ అనే అమెరికన్ బ్లాగు వేదిక 2008 చివర్లో రెండు డిస్కుల్లోనూ డేటా ఇలా చెరిగిపోయే మూతపడింది. బ్యాకప్ ప్లగిన్ తయారుచేసిన జిప్ ఫైల్‌ను అదే హోస్టింగ్ ఖాతాలో వదిలేయడం కూడా అంతే. ఇంటి తాళానికి డూప్లికేట్ చేయించి ఆ ఇంట్లోనే బీరువాలో పెట్టడం లాంటిది.

ఇప్పుడు నాకు బాగా తెలిసిన, చెప్పాలంటే ఇప్పటికీ బాధ కలిగించే విషయానికి వస్తాను.

మా హైస్కూల్ పూర్వ విద్యార్థుల సంఘానికి ఒక వెబ్‌సైట్ ఉండేది. పదకొండేళ్ల ఫొటోలు, పాత మాస్టార్ల గురించి మేం రాసుకున్న వ్యాసాలు, స్కాలర్‌షిప్ తీసుకున్న పిల్లల ఉత్తరాలు అందులో ఉండేవి. దాన్ని తయారుచేసింది మా తర్వాతి బ్యాచ్ కుర్రాడు. హోస్టింగ్ కూడా అతనే తన మెయిల్‌తో కొన్నాడు, ఏటా మేం డబ్బు ఇచ్చేవాళ్లం. అతను ఉద్యోగం మారి బెంగళూరు వెళ్లాక ఆ పాత మెయిల్ చూడటం మానేశాడు. రెన్యువల్ గుర్తుచేస్తూ వచ్చిన మెయిళ్లన్నీ ఎవరూ తెరవని ఇన్‌బాక్స్‌లో పడ్డాయి. గడువు దాటింది, కంపెనీ కొన్ని వారాలు ఆగి ఖాతాను తీసేసింది. సైట్ తెరుచుకోవడం లేదని మాకు తెలిసేసరికి చాలా ఆలస్యమైంది.

ఫోన్ చేస్తే అతను కంగారుపడిపోయాడు. “అన్నా, బ్యాకప్ హోస్టింగ్ వాళ్లు తీస్తున్నారనే అనుకున్నాను” అన్నాడు. హోస్టింగ్ కంపెనీ వాళ్లు, ఖాతా రద్దయ్యాక డేటా ఉంచం, బ్యాకప్ కస్టమర్ బాధ్యత అన్నారు. పైగా మీరు మా కస్టమర్ కాదు, ఆ మెయిల్ ఉన్నాయన కస్టమర్ అన్నారు. మా సంఘం కార్యదర్శి, ఏటా డబ్బు కడుతూనే ఉన్నాం కదా, మరి డబ్బు దేనికి కట్టినట్టు అని అడిగారు. ముగ్గురూ నిజాయితీగానే మాట్లాడారు. ముగ్గురి మాటల్లోనూ బ్యాకప్ ఇంకొకరి పని.

మన ఊళ్లలో నేను చూసిన చిన్న సైట్లు చాలావరకు ఇలాగే నడుస్తున్నాయి. బట్టల షాపు, కోచింగ్ సెంటర్, కల్యాణమండపం, కులసంఘం, గుడి కమిటీ, ఏదైనా కానివ్వండి. యజమానికి డిజైనర్ తెలుసు. డిజైనర్‌కు రీసెల్లర్ తెలుసు. రీసెల్లర్ ఇంకో పెద్ద కంపెనీ సర్వర్‌లో చోటు అద్దెకు తీసుకుని ముక్కలుగా అమ్ముతుంటాడు. ఆ పెద్ద కంపెనీ సర్వర్లు ఇంకెవరిదో డేటా సెంటర్‌లో ఉంటాయి. షరతుల పేజీలో ‘కస్టమర్ బాధ్యత’ అని రాసిన ఆ కస్టమర్ ఈ గొలుసులో ఎవరు? ప్రతి మెట్టు దగ్గరా కింది మెట్టువాడే. అలా దిగి దిగి అది చివరికి షాపు యజమాని దగ్గరికి వస్తుంది. ఆయన చేతిలో మాత్రం లాగిన్ కూడా ఉండదు. బాధ్యత ఒకరి దగ్గర, తాళం చెవి ఇంకొకరి దగ్గర.

డిజైనర్లను తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. ఎనిమిది వేలకు సైట్ చేసిచ్చిన కుర్రాడు పదేళ్లపాటు దాని బ్యాకప్ చూస్తూ ఉండాలని ఆశించడం అన్యాయం. ఆ పని చేయాలంటే దానికి విడిగా డబ్బివ్వాలి, కాగితం మీద రాసుకోవాలి. మెయింటెనెన్స్ అన్న ఒక్క మాటలో అన్నీ వచ్చేస్తాయని యజమాని అనుకుంటాడు. డిజైనర్ లెక్కలో మెయింటెనెన్స్ అంటే ఫోన్ చేసినప్పుడు ఫొటో మార్చడం.

బాధ్యత స్పష్టంగా ఒక్కరిదే అయినా కాపీ లేకపోవచ్చని 2025లో దక్షిణ కొరియా చూపించింది. సెప్టెంబరు 26న దేజాన్ నగరంలోని ప్రభుత్వ డేటా సెంటర్‌లో లిథియం బ్యాటరీల నుంచి మంటలు వచ్చి 709 ప్రభుత్వ వ్యవస్థలు ఆగిపోయాయి. అందులో ఉద్యోగులు తమ ఫైళ్లు దాచుకునే ‘జీ-డ్రైవ్’ ఒకటి. 858 టీబీ డేటా పోయింది. దానికి బయట కాపీ లేదు, మరీ పెద్దదిగా ఉండటం వల్ల బ్యాకప్ పెట్టలేకపోయామన్నారు. అక్కడ హోస్టు ప్రభుత్వమే, డేటా యజమానీ ప్రభుత్వమే. వేలు చూపించడానికి రెండో మనిషి కూడా లేడు.

దీనికి పూర్తిగా ఎదురు కథ ఆస్ట్రేలియాలో జరిగింది. యూనిసూపర్ అనే పెన్షన్ ఫండ్‌లో ఆరు లక్షల మందికి పైగా సభ్యులున్నారు. వాళ్ల వ్యవస్థలు గూగుల్ క్లౌడ్‌లో ఉండేవి, రెండు వేర్వేరు చోట్ల, ఒకటి పోతే ఇంకొకటి ఉండేలా. 2024 మే నెలలో అవి రెండు చోట్లా ఒకేసారి తుడిచిపెట్టుకుపోయాయి. మొదట ఏర్పాటు చేసినప్పుడు గూగుల్ ఉద్యోగులు వాడిన ఒక లోపలి టూల్‌లో ఒక గడి ఖాళీగా వదిలేశారు. దాంతో ఒక ఏడాది గడువు దానంతటదే పడింది. ఏడాది నిండాక ఆ వ్యవస్థ దానంతటదే చెరిగిపోయింది. తప్పు తమదేనని గూగుల్ బహిరంగంగా ఒప్పుకుంది. అయితే ఆ ఒప్పుకోలు ఒక్కటే అయితే సభ్యుల ఖాతాలు అంత తొందరగా తిరిగి వచ్చేవి కావు. యూనిసూపర్ ఇంకో కంపెనీ దగ్గర కూడా బ్యాకప్ పెట్టుకుంది. ఇబ్బంది పడింది కొన్ని రోజులే. నేను ముందు చెప్పిన రెండు ప్రశ్నలకూ ఇక్కడ వేర్వేరు జవాబులు దొరుకుతాయి: తప్పు గూగుల్‌ది, కాపీ యూనిసూపర్‌ది.

కాపీ ఉందని అనుకోవడం వేరు, ఉండటం వేరు. గిట్‌ల్యాబ్ సంస్థలో 2017 జనవరి 31న ఒక ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేస్‌నే చెరిపేశాడు. సరే, బ్యాకప్ తీద్దామని చూస్తే, ఐదు రకాల ఏర్పాట్లలో ఒక్కటీ అనుకున్నట్టు పనిచేయడం లేదు. బ్యాకప్ తీసే ప్రోగ్రాం వెర్షన్‌కూ డేటాబేస్ వెర్షన్‌కూ పొంతన లేక అది రోజూ విఫలమవుతోంది. విఫలమైందని చెప్పే మెయిళ్లు మెయిల్ సర్వర్ దగ్గరే ఆగిపోయి ఎవరికీ చేరడం లేదు. అదృష్టం కొద్దీ ఆరు గంటల ముందు ఇంకో పని కోసం ఒకరు తీసి పెట్టుకున్న కాపీ దొరికింది. ఆ ఆరు గంటల డేటా మాత్రం పోయింది. వాళ్లు ఇదంతా దాచకుండా ప్రపంచానికి వివరంగా చెప్పారు, అందుకు నాకు వాళ్లంటే గౌరవం.

మన దేశ చట్టం ఏమంటుంది? కంపెనీలకు ఒక నియమం చాలా స్పష్టంగా ఉంది. ఖాతా పుస్తకాలను కంప్యూటర్లలో ఉంచే కంపెనీ వాటి బ్యాకప్‌ను భారతదేశంలో ఉన్న సర్వర్‌లో రోజూ ఉంచాలి. 2022 ఆగస్టు సవరణకు ముందు ‘నిర్ణీత కాలానికి ఒకసారి’ అని ఉండేది, దాన్ని ‘రోజూ’ అని మార్చారు.

సైట్ ద్వారా పేర్లు, ఫోన్ నంబర్లు, అడ్రస్‌లు తీసుకునే ప్రతి ఒక్కరికీ వర్తించేది 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం. కోచింగ్ సెంటర్ అడ్మిషన్ ఫారం, గుడి సేవల బుకింగ్ ఫారం లాంటివి ఆన్‌లైన్‌లో పెడితే అవి కూడా దీని కిందికే వస్తాయి. ఆ డేటాను ఎందుకు, ఎలా వాడాలో నిర్ణయించేవారిని చట్టం ‘డేటా ఫిడూషియరీ’ అంటుంది. అంటే సైట్ యజమాని. ఆ పనిని హోస్టింగ్ కంపెనీకి అప్పగించినా, ఒప్పందంలో మరోలా రాసుకున్నా, చట్టం ముందు జవాబు చెప్పాల్సింది ఆయనే. డేటా బయటకు పొక్కడమే కాదు, ప్రమాదవశాత్తూ నాశనం కావడం, అందుబాటులో లేకుండా పోవడం కూడా ఈ చట్టం దృష్టిలో ఉల్లంఘనే. తగిన రక్షణ చర్యలు తీసుకోకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండొచ్చు. 2025 నవంబరులో వచ్చిన నియమాలు ఆ రక్షణ చర్యల్లో డేటా బ్యాకప్‌ను పేరు పెట్టి చెప్పాయి. చట్టంలోనూ ఈ నియమాల్లోనూ ప్రధానమైనవి 18 నెలల తర్వాత, అంటే 2027 మే నుంచి అమల్లోకి వస్తాయి. చిన్న సైట్లు నడిపేవాళ్లకు ఇంకా కొంత సమయం ఉంది.

మా సంఘం కొత్త సైట్ మొదలుపెట్టినప్పుడు ముందుగా ఒక పేజీ కాగితం రాసుకున్నాం. డొమైన్, హోస్టింగ్ సంఘం పేరు మీద, సంఘం మెయిల్‌తోనే కొనాలి. ఆ మెయిల్ ముగ్గురి ఫోన్లలో ఉండాలి. కొత్త డిజైనర్‌కు లాగిన్ ఇస్తాం, ఖాతా మాత్రం మాదే. బ్యాకప్ అంటే ఏమేమి కలిపి అన్నదీ రాశాం: ఫైళ్లు, డేటాబేస్, మెయిళ్లు. డేటాబేస్ మర్చిపోయి ఫైళ్లు మాత్రమే దించుకుంటే ఫొటోలు దక్కుతాయి, రాసిన వ్యాసాలన్నీ పోతాయి. వర్డ్‌ప్రెస్‌లో రాత అంతా డేటాబేస్‌లోనే ఉంటుంది, ఇది చాలామందికి తెలియదు. వారానికొక కాపీ ఈ హోస్టింగ్‌తో సంబంధం లేని వేరే ఆన్‌లైన్ ఖాతాలోకి వెళ్లాలి. దాని పాస్‌వర్డ్ హోస్టింగ్ పాస్‌వర్డ్ కాకూడదు. 2014లో కోడ్ స్పేసెస్ అనే కంపెనీ క్లౌడ్ ఖాతాలోకి దూరిన దొంగ అసలు డేటాతో పాటు అదే ఖాతాలోని బ్యాకప్‌లను కూడా తుడిచేశాడు, ఆ కంపెనీ అక్కడితో మూతపడింది. నెలకొక కాపీ కార్యదర్శి ఇంట్లో హార్డ్ డిస్కులోకి. వారం వారం కాపీ వెళ్లిందో లేదో చూసే పనికి డిజైనర్‌కు ఏడాదికి ఇంత అని విడిగా డబ్బు. సంక్రాంతికి ఒకసారి, దసరాకు ఒకసారి అదే కాపీతో వేరే చోట సైట్‌ను నిలబెట్టి చూడాలి.

మొదటిసారి చూసినప్పుడు సైట్ తెరుచుకుంది కానీ తెలుగు అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలుగా వచ్చాయి. డేటాబేస్ ఎగుమతి చేసేటప్పుడు అక్షరాల ఎన్‌కోడింగ్ సరిగ్గా ఎంచుకోలేదు. ఆ పూట పరీక్షించకపోయి ఉంటే ఆరు నెలలుగా మేం భద్రంగా దాచుకుంటున్నది ప్రశ్నార్థకాలనే అని తెలిసేది కాదు. సరిచేసుకుని మళ్లీ కాపీ తీశాం, ఈసారి అన్నీ తెలుగులోనే వచ్చాయి.

పాత సైట్‌లోని ఫొటోల కోసం సభ్యులందరి ఫోన్లూ, పాత పెన్‌డ్రైవ్‌లూ వెతికిస్తున్నాం. ఇప్పటికి నలభై దాకా దొరికాయి. మా లెక్కల మాస్టారి రిటైర్మెంట్ సభ ఫొటోలు ఇంకా దొరకలేదు.